తూర్పు దిబ్బ ఎత్తు

గోవర్ధనరావు లెక్క తప్పడని గుడివాడ నుంచి బందరు దాకా తెలిసినవాళ్లందరూ అంటారు. ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మినవాడు గోవర్ధనరావే. అలాంటివాడు తన అంకె టైపయి వచ్చిన రోజున కాళ్లు చాపుకుని హాయిగా కాఫీ తాగాలి. ఆ శనివారం పొద్దున బందరు సర్వే ఆఫీసు మేడ మీద అతను కాఫీ చల్లారబెట్టుకుని, రిపోర్టులో పదకొండో పేజీకేసి చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"తూర్పు దిబ్బ ఎత్తు: ఉప్పెన గీతకు అరడుగు పైన."

పేజీలో ముఖ్యమైన ముక్క అదొక్కటే. దాని మీద ఒక పల్లె పల్లెంతా ఆధారపడి ఉంది. డెబ్బై ఏడు నవంబరులో సముద్రం దివిసీమ మీద విరుచుకుపడి వెళ్లాక, కాలవ లాకుల గోడ మీద బురదనీళ్ల గీత ఒకటి మిగిలింది. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో చెప్పే సాక్ష్యం అదే. ఇప్పుడు రెండేళ్లకి, నాగాయలంక దాటాక సముద్రం వైపున్న చివరి పల్లెకు తుఫాను షెల్టరు కడతామన్నారు. పల్లెను ఆనుకుని తూర్పు దిబ్బ ఉంది. దిబ్బ ఆ గీతకంటే ఎత్తయితే షెల్టరు అక్కడే. తక్కువైతే మైలున్నర అవతల మెరక మీద. పెనుగాలిలో ముసలివాళ్లూ బాలింతలూ మైలున్నర నడవలేరు గనక పల్లెంతా దిబ్బే కావాలని కోరుకుంది. గోవర్ధనరావూ అదే కోరుకున్నాడు. అంకె అతను కోరుకున్నట్టే వచ్చింది.

సాయంత్రం నాలుగింటికి పై అధికారి భుజంగరావు గారు ఆ రిపోర్టు పట్టుకుని జీపులో విజయవాడ వెళ్తారు. సోమవారం శంకుస్థాపన. కార్తీకం లోపల స్లాబు పడాలి. అంటే, ఆ అంకెలో తప్పుంటే దిద్దుకోవడానికి నాలుగింటి దాకానే గడువు.

లాకులకూ దిబ్బకూ మధ్య తొమ్మిది మైళ్లు. నడుమ సముద్రపు పాయ, అడుగేస్తే మోకాలి దాకా దిగబడే బురద. పాత సర్వే రాళ్లు ఉప్పెనలో కొట్టుకుపోయాయి. లెవెలు మిషనూ కర్రా పట్టుకుని కొలుచుకుంటూ వెళ్తే వర్షాకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని ఉపగ్రహాల మిషను తెప్పించారు. దిబ్బ మీద మాస్టు పాతి, కొసన యాంటెన్నా బిగించి, కింద పెట్టెలో క్యాసెట్టు పెడితే, ఉపగ్రహం నెత్తిమీదుగా వెళ్లినప్పుడల్లా దాని రేడియో కూత అందులోకి ఎక్కుతుంది. బందరు ప్యాసింజరు దగ్గరికొచ్చేటప్పుడు కూత సన్నగానూ, దాటి వెళ్లాక బొంగురుగానూ వినిపిస్తుంది కదా, ఇదీ అంతే. ఆ మార్పును లెక్కగడితే మిషను ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో తేలుతుంది.

చిక్కల్లా నీళ్లతోనే. చుట్టూ చేలల్లో నీళ్లుంటే కూత ఆ నీళ్లమీద పడి, ఎగిరి, రెండోసారి యాంటెన్నాను చేరుతుంది. అసలు కూతా ఎగిరొచ్చిన కూతా కలిసిపోయి, ఉన్న ఎత్తుకంటే తక్కువ చూపిస్తుంది. ఆ తప్పు ఎంతో లెక్కగట్టి తీసేసే పద్ధతిని గోవర్ధనరావు సొంతంగా తయారుచేశాడు. దానికి మూడు సంగతులు తెలిస్తే చాలు. ఉపగ్రహం ఎంత కోణంలో ఉంది, యాంటెన్నా నేలకు ఎంత ఎత్తున ఉంది, చేలల్లో నీళ్లున్నాయా లేదా. గుడివాడ దగ్గర సొంత ఊళ్లో, కాలవ తూము పక్కనే నీళ్లు నిండి ఉన్న సొంత పొలంలో దాన్ని పరీక్షించాడు. ఎత్తు ముందే తెలిసిన సర్వే రాయి అక్కడ ఉంది. మిషను నాలుగడుగులు తక్కువ చూపించింది. దిద్దాక తేడా మూడంగుళాలకు దిగింది. ఆ రోజు అతను ఊళ్లో నేలమీద నడవలేదు.

తూర్పు దిబ్బ మీద జులైలో పదిహేను రోజులు రీడింగులు తీశారు. దిద్దకముందు దిబ్బ గీతకు మూడున్నర అడుగుల కిందున్నట్టు వచ్చింది. గోవర్ధనరావు తన పద్ధతిలో దిద్దితే నాలుగడుగులు కలిశాయి. అరడుగు పైకి తేలింది.

మరి గోళ్లు కొరుక్కోవడం దేనికీ అంటే, గ్రాఫు కాగితం వల్ల. గుడివాడలో దిద్దాక గీత నున్నగా వచ్చింది. ఇక్కడ దిద్దాక రంపప్పళ్లలా వచ్చింది. బుద్ధున్నవాడు అక్కడ ఆగి, ఎందుకిలా అని ఆలోచిస్తాడు. గోవర్ధనరావుకు బుద్ధి తక్కువేమీ కాదు గాని, తన పద్ధతిని అనుమానించడం ఒక్కటే చేతకాలేదు. అందుకని తప్పు మోయడానికి ఇంకొకరిని వెతికాడు.

"సముద్రపు గాలికి మాస్టు ఊగి ఉంటుంది మజీద్," అన్నాడు.

మజీద్ మిషను మెకానిక్కు. పుట్టిందీ పెరిగిందీ బందరులోనే. ఇందులోకి రాకముందు ఇంగ్లీషుపాలెంలో రేడియోలు బాగుచేసేవాడు. దిబ్బ మీద మాస్టు పాతింది అతనే.

"నా మాస్టా సార్? మూడువైపులా ఇనప తీగలు లాగి కట్టాను. దానికి గేదెను కట్టినా ఊగదు."

"మరి గీత ఇలా వచ్చిందేం?"

"గీత మీది సార్. మాస్టు నాది. నాది ఊగలేదు."

అయినా రిపోర్టులో "గాలివల్ల మాస్టుకు స్వల్ప కదలిక" అని రాసేశాడు. ఆనాటినుంచి మజీద్ పొడిపొడిగా "సార్" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడటం లేదు.

గోవర్ధనరావును కుదురుగా కూర్చోనివ్వనిది ఇంకోటి కూడా ఉంది. అది కాగితాల మీద లేదు.

మేలో, మాస్టుకు చోటు చూడటానికి అతనొక్కసారే ఆ దిబ్బ మీదికి వెళ్లాడు. అక్కడ సరుగుడు కర్రతో చేసిన చిన్న సిలువ పాతి ఉంది. మిషనుకు కాపలా ఉండటానికి పెట్టుకున్న యేసుదాసు ఆ పల్లెవాడే. ఎవరిదని అడిగితే, "మా ఆడమనిషిదండి, హన్నాది," అన్నాడు. ఉప్పెన రోజు సాయంత్రం యేసుదాసు పడవ లాగి కట్టడానికి పాయ దగ్గరికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ దిబ్బెక్కమని భార్యకు చెప్పాడు. "కోళ్లని గంప కింద పెట్టొస్తాలే, నువ్వెళ్లు," అందామె. అతను తాడిచెట్టు కరుచుకుని బతికాడు. దిబ్బకేసి బయలుదేరిన పద్దెనిమిది మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. హన్నా శవం కూడా దొరకలేదు. వాళ్లు దారిలోనే కొట్టుకుపోయారని కొందరు, దిబ్బే మునిగిందని కొందరు. చూసినవాడెవడూ మిగల్లేదు. ఎక్కే ఉంటుందని యేసుదాసు నమ్మి సిలువ పాతుకున్నాడు.

పదిహేను రోజుల కింద క్యాసెట్లు ఇవ్వడానికి బందరు వచ్చినప్పుడు గోవర్ధనరావు అతనికి సంబరంగా చెప్పాడు. "మీ దిబ్బ మునగలేదు యేసుదాసూ. అరడుగు పైనే ఉంది. బిల్డింగు మీకక్కడే."

యేసుదాసు క్యాసెట్లు బల్లమీద పెట్టాడు. "మునగలేదాండి? అయితే ఎక్కినోళ్లు బతకాలి గదండీ?"

"ఎక్కుంటే బతికేవాళ్లే," అన్నాడు గోవర్ధనరావు, కాగితాలమీంచి తల ఎత్తకుండానే.

ఆ మర్నాడు సిలువ దిబ్బ మీద లేదని తర్వాత మజీద్ చెప్పాడు. షెల్టరుకు చోటు చెయ్యడానికి తీసేసి ఉంటాడనుకున్నాడు గోవర్ధనరావు. అలా అనుకోవడం తేలిక గనక అలాగే అనుకున్నాడు.

పన్నెండున్నరకు యేసుదాసు మేడ మెట్లెక్కి వచ్చాడు. జులై రీడింగులు అయిపోయినా మిషనును ఇంకా దిబ్బ మీంచి తియ్యలేదు; దాని చివరి క్యాసెట్టును గోనెసంచిలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మోకాళ్లదాకా బురద ఎండి చారలు కట్టింది. ఇన్నాళ్లలో అతను నవ్వుతూ రావడం గోవర్ధనరావు చూడలేదు.

"నీళ్లొచ్చేసినయ్యండి బాబుగారూ! బేస్తవారం తెల్లారేసరికి మళ్లన్నీ నిండిపోయి ఉన్నయ్యి. ఈ యేడు ఇంక నాట్లు లేవనుకున్నామండి. నారంతా ఎండి ఎర్రబడిపోయింది. దేవుడే తెచ్చాడు."

గోవర్ధనరావు రిపోర్టు పేజీ తిప్పుతూనే ఉన్నాడు. "ఇప్పుడు రావడమేంటి? జూన్‌లోనే వదిలారుగా కాలవకి?"

"మీకు వదిలారండి," అన్నాడు యేసుదాసు, తప్పు పట్టే గొంతుతో కాదు, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా. "మాది శివారు గదండీ. పైనోళ్లందరూ తడుపుకున్నాక మిగిల్తే మాకు. శ్రావణం దాటకుండా వస్తే అదే పండగండి మాకు."

పేజీ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

కాలవ తూము పొలం పక్కనే ఉన్నవాడికి, జులై అంటే నీళ్లు. పుట్టిన దగ్గర్నుంచీ అతనికి జులైలో ఎండిన చేను కనబడలేదు. లెక్క వేసే ఫారంలో మూడో గడిలో "చేలల్లో నీరు: పూర్తి" అని బందరు మేడ మీద కూర్చుని, ఎవర్నీ అడక్కుండా, పేరు రాసుకున్నంత తేలిగ్గా రాసుకున్నాడు.

"మేం మిషను పెట్టిన పదిహేను రోజులూ..." గోవర్ధనరావు తలెత్తాడు. "చేలల్లో నీళ్లు లేవా?"

"చుక్క లేదండి. నేల నెర్రెలిచ్చింది. మజీదుగారి చెప్పు నెర్రెలో ఇరుక్కుపోతే నేనే లాగి ఇచ్చాను గదండీ."

గోవర్ధనరావు మజీద్ వైపు తిరిగాడు. "నీకు తెలుసా? చెప్పలేదేం?"

"మీరు అడిగింది మాస్టు గురించి సార్. చేల గురించి ఎప్పుడడిగారు?"

నిజమే. ఎప్పుడూ అడగలేదు. నీళ్లు లేని చోట ఎగిరొచ్చే కూత లేదు, దాని తప్పూ లేదు. లేని తప్పును తీసేశానని నాలుగడుగులు కలిపాడు. రంపప్పళ్లు దివిసీమ గాలివి కావు, తను కలిపిన అబద్ధానివి. అంటే దిబ్బ గీతకు మూడున్నర అడుగుల కిందే ఉంది. సోమవారం అక్కడ పునాది తవ్వుతారు. కార్తీకంలో సముద్రం లేస్తే, సర్కారు వాళ్లే చెప్పారు కదా అని పల్లెంతా పిల్లల్ని ఎత్తుకుని అందులోకే వెళ్తుంది.

కాని రిపోర్టు మార్చమని అడగాలంటే "నాకు అనుమానంగా ఉంది" అంటే చాలదు. భుజంగరావు గారి దగ్గర రుజువు కావాలి. రుజువు యేసుదాసు చంకలో ఉంది. ఆ క్యాసెట్టు బేస్తవారం నుంచి ఎక్కింది, అంటే చేలల్లో నీళ్లున్నప్పటిది. తన పద్ధతి నిజమైతే, దీన్ని దిద్దినప్పుడు వచ్చే ఎత్తూ, జులైలో దిద్దకుండా ఉన్న ఎత్తూ ఒక్కటే కావాలి.

"మజీద్, దీన్ని కాగితం మీదికి దించు. తొందరగా."

ప్రింటరు ఆరు జానల కాగితం కక్కిందో లేదో, కరెంటు పోయింది. ఒంటిగంట కావస్తోంది. సాయంత్రం నాలుగు దాకా రాదని వీధిలో ఎవరో అరిచారు.

మజీద్ ఒక్క క్షణం గోవర్ధనరావు మొహంకేసి చూశాడు. పది రోజుల కోపం అతని మొహంలో ఇంకా ఉంది. తర్వాత స్పానరు తీసుకుని చకచకా మెట్లు దిగిపోయాడు. పావుగంటకి జీపు బ్యాటరీ రెండు చేతులా మోసుకుంటూ పైకొచ్చాడు. వెనకాల డ్రైవరు లబోదిబోమంటూ వస్తున్నాడు.

"నాలుగింటికి మళ్లీ బిగిస్తాలే బాబూ, అరవకు," అన్నాడు మజీద్.

ప్రింటరు కదిలింది. గోవర్ధనరావు కాలిక్యులేటరు ముందేసుకుని అంకెలు కొట్టసాగాడు. మజీద్ చదువుతుంటే అతను కొడుతున్నాడు. ఒక్కో ఉపగ్రహం దాటిన లెక్క తేలడానికి పది నిమిషాలు పడుతోంది. రెండుంపావుకి ఒకచోట అంకె తప్పు కొట్టి, మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టాడు. యేసుదాసు, సంగతేమిటో తెలియక, వెళ్లమంటారేమోనని గుమ్మం దగ్గర గొంతుకూర్చున్నాడు. వెళ్లమని ఎవరూ అనలేదు.

మూడుంపావుకి మొత్తం తేలింది. దిద్దకముందు గీతకు ఏడున్నర అడుగుల కింద. దిద్దాక మూడున్నర అడుగుల కింద. గ్రాఫు మీద చుక్కలు కలిపాడు. గీత నున్నగా వచ్చింది.

గోవర్ధనరావు జీవితంలో అంత అందమైన గీత ఇంకోటి గీయలేదు, అంత ఏడుపూ ఎప్పుడూ రాలేదు.

"మజీద్," అన్నాడు. "మాస్టు ఊగలేదు."

"తెలుసు సార్," అన్నాడు మజీద్. వెంటనే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి బల్లమీద పెట్టాడు.

భుజంగరావు గారు అప్పటికే చొక్కా మార్చుకుని, పక్కగదిలో సంచి సర్దుకుంటున్నారు. గోవర్ధనరావు చెప్పింది ఆయన నిలబడే విన్నారు. వింటున్నకొద్దీ మొహం ఎర్రబడింది.

"ఖాయమేనా అని ఎన్నిసార్లు అడిగానయ్యా నిన్ను?"

"చాలాసార్లు అడిగారండీ."

"సోమవారం మంత్రి వస్తున్నాడు. శంకుస్థాపన రాయి కూడా చెక్కించేశాం, తూర్పు దిబ్బ అని. ఇప్పుడు నేను పైకెళ్లి ఏమని చెప్పను? మా కుర్రాడికి చేలల్లో నీళ్లున్నాయో లేదో తెలియలేదని చెప్పనా?"

"అలాగే చెప్పండి. అదే నిజం."

భుజంగరావు గారు కుర్చీలో కూలబడ్డారు. చెడ్డమనిషి కాదాయన. కాని రేపటి మాటలు పడాల్సింది తనే గనక తప్పించుకునే దారి ఒకటి వెతికారు. "పునాది మరో నాలుగడుగులు లేపుదాం. అంకె జోలికెళ్లకుండా."

"పునాది ఎత్తుతో సహా ఒకే నమూనాకు డబ్బిచ్చారు. పైవాళ్లు ఈ అంకె చూసి లేపనివ్వరండి. అరడుగు పైనే ఉందిగా, ఎందుకూ అంటారు. మీరైతే ఒప్పుకుంటారా?"

ఆయన తలెత్తి టైము చూశారు. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలుంది. చివరికి జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి బల్లమీద దొర్లించారు. "కొట్టేసేది నువ్వు. పక్కన నీ పేరు రాయి. ఎందుకు కొట్టేశావో అదీ రాయి. ఈ మచ్చ నీకు జన్మంతా ఉంటుంది, తెలుసా?"

"తెలుసండీ."

పదకొండో పేజీలో అంకె కొట్టేసి, "ఉప్పెన గీతకు మూడున్నర అడుగుల కింద" అని రాశాడు. "శివారు చేలల్లో జులైలో నీరుండదని నేను కనుక్కోలేదు" అని రాసి సంతకం పెట్టాడు. మాస్టు కదిలిందన్న వాక్యం కూడా కొట్టేశాడు. ఆ కిందే, పల్లె నుంచి మెరక దాకా మైలున్నరా ఎత్తుగా కట్టమీద రోడ్డు వేస్తే తప్ప షెల్టరు వల్ల ప్రయోజనం లేదని ఇంకో వాక్యం చేర్చాడు. భుజంగరావు గారు అది చదివి, రిపోర్టు మూసి సంచిలో పెట్టుకున్నారు. మజీద్ బ్యాటరీ బిగించాడు. జీపు నాలుగుంపావుకి కదిలింది.

యేసుదాసు మెట్ల కింద నీడలో నిలబడి ఉన్నాడు. ఏదో తేడా వచ్చిందని అతనికి అర్థమైంది. గోవర్ధనరావు కిందికి దిగుతుంటే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బిల్డింగు మాకు లేదాండి?"

"ఉంది. దిబ్బ మీద కాదు, మెరక మీద. రోడ్డు కూడా వెయ్యాలని రాశాను." అంతవరకూ బాగానే చెప్పాడు. తర్వాత ఆఖరి మెట్టు దిగి అతని ఎదుట నిలబడ్డాడు. "ఆ రోజు నీకు నేను తప్పు చెప్పాను యేసుదాసూ. దిబ్బ మునిగింది. మూడున్నర అడుగుల నీళ్లు దాని మీద నిలిచాయి. అలల సంగతి వేరే."

యేసుదాసు అరచెయ్యి నేలకు వాల్చి తన నడుం దగ్గర పట్టుకున్నాడు. "ఇంతాండి?"

"అంత."

"హన్నా పొట్టిదండి," అన్నాడు. అరచెయ్యి నడుం దగ్గర్నుంచి మెల్లగా లేచి రొమ్ముదాకా వచ్చింది. అలలను కూడా కలుపుకుని అది ఇంకా పైకి, గడ్డం దాకా వెళ్లి ఆగింది. "అయితే ఎక్కే ఉంటదన్నమాట."

గోవర్ధనరావు తల ఊపాడు.

"కోళ్లకోసం ఆగిపోయిందనుకున్నానండి. దిబ్బ మునగలేదన్నారుగా మీరు. నా మాట వినుంటే బతికుండేదే అని పదిహేను రోజుల్నుంచి దాన్ని తిడతన్నానండి. ఊరికే తిట్టాను." తలగుడ్డతో మొహం అద్దుకున్నాడు. "సిలువ ఇంటి చూరులో పెట్టానండి. ఆ దిబ్బ మీద ఇంకేం కట్టరు గదా?"

"కట్టరు."

"అయితే మళ్లీ పాతుకుంటాను. అవనిగడ్డ బస్సు ఎన్నింటికండి?"

"ఐదింటికి," అన్నాడు గోవర్ధనరావు. "ఉండు, చెప్పులేసుకుని వస్తాను. నేనూ వస్తున్నాను. మీ చేలల్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడాలి."